గుర్రుమనడం మానేసిన కుక్క

నాలుగో రోజు ఉదయం, అల్లుడు బస్సు డిపోకు వెళ్లిపోయాక, పాపకు కట్టు మార్పించడానికి కూతురు ఆసుపత్రికి బయలుదేరాక, ఇన్‌స్పెక్టరుగారు వంటింటి వెనకనున్న చిన్న గదిలో నేలమీద చతికిలబడి కుక్కను బతిమాలుకుంటున్నారు.

“ఒక్కసారిరా. ఒక్కసారి గుర్రుమను. పెద్దగా అక్కర్లేదు. నాకు వినిపిస్తే చాలు.”

కుక్క పేరు దొర. పిల్లగా ఉన్నప్పుడు కాలుమీద కాలు వేసుకుని, ప్రపంచమంతా తనకు బాకీ ఉన్నట్లు పడుకునేదని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు దానికి పన్నెండేళ్లు. మూతి తెల్లబడింది. లేవాలంటే ముందుకాళ్లు రెండూ చాచి, నడుము వెనకభాగాన్ని ఎవరిదో సామానులా ఈడ్చుకుని లేస్తుంది. ఆయన అంతగా బతిమాలుతున్నా దొర ఆయన ముఖంవంక చూడలేదు. ఆయన కుడిచేతివంక చూసింది. ఆ చేతిలో ఏమీ లేదు. అయినా కళ్లు తిప్పకుండా దాన్నే చూసింది.

ఇంకా ఆరు రోజులున్నాయి. ఆ ఆరు రోజుల్లో దొర నోట ఆ శబ్దం రాకపోతే దానికి ఆయువు మూడినట్లే. ఆ శబ్దాన్ని దాని గొంతులోనే నొక్కేసింది తానేనన్న సంగతి మాత్రం ఇంట్లో ఇంకెవరికీ తెలియదు.

ఇన్‌స్పెక్టరుగారు ముప్ఫై ఒక్క ఏళ్లపాటు బాయిలర్లు తనిఖీ చేశారు. ఆసుపత్రులు, లాండ్రీలు, అద్దకం కార్ఖానాలు, బిస్కెట్ ఫ్యాక్టరీలు, ఇలా ఎక్కడ నీళ్లు కాచి ఆవిరి పడతారో అక్కడల్లా ఆయన సంతకం ఉండేది. పదవీ విరమణ చేసి తొమ్మిదేళ్లయినా ఇస్త్రీ నలగని చొక్కా, ఎడమ చంకలో నాలుగు మడతల ఇంగ్లీషు పత్రిక లేకుండా ఆయనను వీధిలో చూసినవారు లేరు. ఆ పత్రికలో వ్యాకరణ దోషాలను ఎర్ర పెన్సిలుతో దిద్దుతారు. దిద్దినవాటిని ఎవరికీ పంపరు. తప్పు తప్పుగా ఉండిపోకూడదు, అంతే.

ఎనిమిది నెలల క్రితం పాప పాకడం నేర్చింది. పాకుతూ పాకుతూ మొట్టమొదటిసారి దొర చాపదాకా వెళ్లి, దాని చెవిని గుప్పిట పట్టింది. దొర గొంతు లోపలినుంచి, దూరాన బండి వెళుతున్నట్లు, సన్నగా ఒక చప్పుడు వచ్చింది. కూతురు వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి పాపను ఎత్తుకుంది.

“నాన్నా, అది గుర్రుమంటోంది! విన్నారా?”

“విన్నానమ్మా. కొత్త కదా, అలవాటు పడుతుంది.”

“అలవాటు పడేదాకా నా పిల్లని దాని నోటి ముందు పెట్టనా? ఇంకొక్కసారి ఆ చప్పుడు నా చెవిన పడిందంటే దాన్ని ఎక్కడికైనా పంపించేయాల్సిందే. మీకు దొర ఎంతో నాకు తెలుసు. కానీ నాకు ఇది ముందు.”

ఇన్‌స్పెక్టరుగారు ఆ మాటను ఉత్తర్వుగా తీసుకున్నారు. ఆ చప్పుడు వినిపించకూడదు, వినిపించకపోతే దొర ఉంటుంది. లెక్క తేలికగానే కనిపించింది. ఆ మర్నాటినుంచి దొర గుర్రుమన్న ప్రతిసారీ, కూతురి కంటపడకుండా, మడిచిన పత్రికతో దాని ముక్కుమీద ఒక్కటి వేసేవారు. గట్టిగా కాదు. కుర్చీమీది దుమ్ము దులిపేటంత. దానితోపాటు “ఊఁ!” అనేవారు. కొన్నాళ్లకు చేయి ఎత్తితే చాలు, కొట్టనక్కర్లేకపోయింది. మరికొన్నాళ్లకు చేయి ఎత్తే అవసరమూ లేకపోయింది. మొత్తం పందొమ్మిది రోజులు పట్టింది. పాప తోక లాగినా, అన్నం గిన్నె లాక్కున్నా దొర నోట కిక్కురుమనే చప్పుడు లేదు.

ఇంటికొచ్చినవారికి ఆయనే చూపించేవారు. తింటున్న దొర ముందునుంచి గిన్నె తీసేసి, “చూశారా?” అనేవారు. వచ్చినవారు తలలు ఊపి, “పెంపకమంటే మీదేనండీ” అనేవారు. కూతురు మనసు కుదుటపడి మళ్లీ ఉద్యోగానికి వెళ్లసాగింది. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు సానబట్టడం ఆమె పని. పగలంతా పాప తాతగారి దగ్గరే ఉండేది.

కరిచిన రోజున ఆయన అక్కడే ఉన్నారు. ఆ సంగతే ఆయనను నిలవనివ్వలేదు. పక్కగదిలోనో, వాకిట్లోనో కాదు, మూడడుగుల దూరంలో తన పడక కుర్చీలోనే ఉన్నారు. సాయంకాలం నాలుగున్నరకు దొర అలమారాకూ గోడకూ మధ్యనున్న సందులో, కాస్త ఎండ పడే చోట పడుకుని ఉంది. ఇప్పుడిప్పుడే అడుగులేస్తున్న పాప ఒక చెక్క గరిటె పట్టుకుని దానివైపు నడిచింది. ఆయన చూశారు. దొర తల గోడవైపు తిప్పుకుంది. ఎంత మర్యాదో అనుకున్నారు. ముందు ఏ తిండీ లేకపోయినా రెండుసార్లు మూతి నాక్కుంది. కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనబడింది. వెనక్కి పోదామంటే గోడ, పక్కకు పోదామంటే అలమారా. ఆయన పత్రికలో పేజీ తిప్పారు. సంపాదకుడికి లేఖల్లో ఎవరో క్రియాపదం తప్పు రాశారు. అప్పుడే పాప తూలి, గరిటెతో సహా దొర నడుముమీద పడింది.

చప్పుడు లేదు. ఒక్కసారి తల విసురుగా తిరిగింది, అంతే. ఆ తరువాత పాప ఏడుపు ఇల్లంతా నిండింది.

ఎడమకంటి కింద నాలుగు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి వరండాలో కూతురు తన తండ్రిని చూస్తూ, గొంతు ఏమాత్రం పెంచకుండా అంది:

“ఇరవై రెండు మిల్లీమీటర్లు నాన్నా. కంటికీ పంటికీ మధ్య ఇరవై రెండు. రోజంతా మిల్లీమీటర్లతో బతికేదాన్ని నేను. నాకు తెలుసు అదెంతో.”



మర్నాడు తండ్రీకూతుళ్లు దొరను పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. డాక్టరు ముప్ఫై దాటని మనిషి. జుట్టు పైకి ముడేసుకుని, చేతులు మోచేతులదాకా కడుక్కుంటూ మాట్లాడుతుంది. దొర టీకాలన్నీ సకాలంలో పడ్డాయని పుస్తకం చూసి తేల్చింది. అయినా కరిచిన కుక్కను పది రోజులు కట్టడిలో పెట్టి కనిపెట్టి ఉండాలని చెప్పింది. తరువాత దొర మూతికి తొడుగు వేసి ఒళ్లంతా తడిమింది. నడుము దగ్గర చేయి పడగానే దొర కొయ్యలా బిగుసుకుపోయింది. తెల్లగుడ్డు కనబడింది. చప్పుడు మాత్రం చేయలేదు.

“దీనికి నడుము కీళ్లు పాడయ్యాయి. బాగా నొప్పి ఉంది. ఎన్నాళ్లనుంచి?”

“నొప్పా?” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. “ఎప్పుడూ ఏమీ అనలేదే.”

“కరిచేముందు గుర్రుమందా?”

“లేదండీ. అది గుర్రుమనే జాతి కాదు.” ఆయన గొంతులో అంతటి విషాదంలోనూ కాస్త గర్వం తొణికింది. దొరకు మంచి నడవడి పత్రం ఇస్తున్నానని ఆయన నమ్మకం. “పాప కొత్తగా పాకుతున్నప్పుడు ఒకటి రెండుసార్లు. ఆ తరువాత ఎనిమిది నెలలుగా ఒక్కసారి కూడా లేదు.”

డాక్టరు చేతులు ఆగిపోయాయి.

“మానేసిందా? తనంతట తనే?”

“తనంతట తనే. తెలివైన కుక్క.”

ఆమె తొడుగు విప్పి, దొరను బల్లమీదినుంచి దించి, కూతురివైపు తిరిగింది.

“చూడండమ్మా. గుర్రుమనే కుక్కతో చిన్నపిల్లలున్న ఇంట్లో బతకొచ్చు. గేటు పెట్టుకోవాలి, దాని చోటు దానికుండాలి, ఇద్దరినీ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. అది ‘ఇక చాలు’ అనగానే మీరు పిల్లని తీసేస్తారు. ఆ మాట అనకుండానే కరిచే కుక్కతో నేనేం చేయమని చెప్పను? పెద్దవాళ్లయితే సరే. పదహారు నెలల పిల్ల అది.”

“అంటే?” అంది కూతురు.

“నొప్పికి మందిస్తాను. పదో రోజు తీసుకురండి. అప్పుడు మళ్లీ ముట్టుకుని చూస్తాను. అప్పటికైనా నోరు విప్పి ఏదో ఒకటి చెప్పిందా, ప్రయత్నిద్దాం. చెప్పలేదా, ఉంచుకోమని నేను సలహా ఇవ్వలేను.”

“సలహా ఇవ్వకపోతే ఆ రోజు ఇక్కడే ఇంజెక్షన్ చేయించేస్తాను” అంది కూతురు. “వేరేవాళ్ల ఇంటికి పంపి, వాళ్ల పిల్లల మీదకి తోలలేను.”

ఆ క్షణంలో ఇన్‌స్పెక్టరుగారికి ఒక ఇటుక గుర్తుకొచ్చింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక లాండ్రీలో బాయిలర్ తనిఖీకి వెళ్లారు. ఆవిరి ఒత్తిడి హద్దు మీరితే తనంతట తాను తెరుచుకుని, కూతపెట్టి, ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు ఒకటి ప్రతి బాయిలర్‌కూ ఉంటుంది. అక్కడ ఆ వాల్వు చేతికి ఎవరో తీగతో ఒక ఇటుక వేలాడదీశారు. ఇదేమిటని అడిగితే, బాయిలర్ చూసుకునే మనిషి పళ్లికిలించి, “ఊరికే కూస్తోంది సార్. తలనొప్పి భరించలేక నోరు మూయించాను” అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు నిలబడినచోటే మంట ఆర్పించి, కొలిమికి సీలు వేశారు. నివేదికలో రాసిన వాక్యం ఆయనకు ఇప్పటికీ కంఠతా వచ్చు: శబ్దం లోపం కాదు, అది మనకు అందే నోటీసు. కొత్తగా చేరిన ప్రతి ఇన్‌స్పెక్టరుకూ ఆయన ఆ ఇటుక కథ చెప్పేవారు. కొందరికి రెండుసార్లు కూడా చెప్పారు.

ఇప్పుడు చంకలోని పత్రిక ఆ ఇటుకంత బరువెక్కింది. నిజం చెప్పడానికి ఆయన నోరు తెరిచారు కూడా. అయితే చెబితే ఏమవుతుంది? ‘తనంతట తనే’ అన్న మాట గాలిలో ఇంకా ఆరనైనా లేదు. అబద్ధమాడి అర నిమిషం కాలేదు. మూడడుగుల దూరంలో కూర్చుని పేజీ తిప్పిన మనిషే ఆ నోరు కూడా మూయించాడని తెలిస్తే, కూతురు మళ్లీ పాపను ఆయన చేతికి ఇస్తుందా? ఆయన నోరు మూసుకున్నారు. ఇంటికెళ్లి, ఎవరికీ తెలియకుండా, తాను చెడగొట్టిన వాల్వును తానే బాగుచేయవచ్చునని తలచారు.

రెండు రోజులు గేటు పనిలో గడిచాయి. వంటింటికీ వెనకగదికీ మధ్య గుమ్మానికి మూడడుగుల ఎత్తున ఆయనే చెక్క గేటు చేశారు. కమ్మీల మధ్య రెండంగుళాల సందు మించనివ్వలేదు, పాప తల దూరకూడదని. గడియ అవతలివైపు, పెద్దవారి చేతికి మాత్రమే అందేచోట పెట్టారు. గోడకూ అలమారాకూ మధ్య ఇరుకు లేకుండా, దొర చాపను గదికి నడిమధ్యన వేశారు. మందు వేళకు వేశారు. అన్నీ నిబంధనల ప్రకారమే. కానీ వాల్వు తెరుచుకోలేదు.

నాలుగో రోజు బతిమాలారు. అయిదో రోజు పత్రిక తెప్పించడం మానేసి, ఇంట్లో ఉన్న పాత కట్టలన్నీ వీధి చివర చెత్తకుండీలో పడేసి వచ్చారు. ఆరో రోజు దొర నడుముమీద తానే మెల్లగా చేయి ఆనించి చూశారు. అది కొయ్యబారింది, మూతి నాక్కుంది, ఆయన కుడిచేతివంక చూసి కళ్లు మూసుకుంది. దెబ్బకు సిద్ధపడినవాళ్లు మూసుకునే తీరుగా మూసుకుంది.

“కొట్టనురా, నాయనా. ఒట్టు. అను. అనేయ్.”

దాని గొంతు కదలడం కనిపించింది, మింగడం కనిపించింది. శబ్దాన్నే మింగుతోందని ఆయనకు అర్థమైంది. ఇన్నాళ్లూ ఎన్నిసార్లు అలా మింగిందో, తానెన్నిసార్లు పక్కనే కూర్చుని దాన్ని మర్యాద అనుకున్నారో!

ఏడో రోజు మధ్యాహ్నం అల్లుడు భోజనానికి వచ్చేసరికి ఇన్‌స్పెక్టరుగారు ఇస్త్రీ చొక్కాతో, మోకాళ్లమీద, అరచేతులమీద వంగి, దొర ముఖంలో ముఖం పెట్టి “గుర్‌ర్‌ర్” అంటున్నారు. అల్లుడు గేటు పట్టుకుని కాసేపు నిలబడిపోయాడు.

“మామయ్యగారూ, ఇంట్లో కుక్క ఒక్కటే అనుకున్నాను.”

ఆయన ఉలిక్కిపడి లేవబోయారు. మోకాలు పట్టేసింది. అల్లుడు గేటు తీసి, చంకల కింద చేతులు వేసి లేపాడు.

“నేర్పుతున్నాను” అన్నారు, చొక్కా దులుపుకుంటూ.

“అది నేర్చుకునేదేముంది, దానికి పుట్టుకతో వచ్చేదే కదా! నా బస్సుకి హారన్ కొట్టడం నేను నేర్పానా?” అల్లుడు నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. “దొరని ఎవరైనా తీసుకుంటారేమోనని డిపోలో అడిగానండి. చెకింగ్ ఆయన తీసుకుంటానన్నాడు. ఇంట్లో మొగుడూ పెళ్లామేనట. పిల్లని కరిచిందని చెప్పాక, మనవళ్లు వస్తూపోతూ ఉంటారని గుర్తొచ్చింది పాపం ఆయనకి. దాచిపెట్టి ఇవ్వలేం కదా.”

“ఇవ్వలేం” అన్నారు ఆయన. తాను కూడా ముగ్గురికి ఫోన్ చేశారు. ముగ్గురూ ఆయన పెంపకాన్ని మెచ్చుకున్నవారే. ఇద్దరికి తీరిక లేదు, ఒకరికి మెట్ల ఇల్లు.

“మీరేదో లోపల పెట్టుకుని కుమిలిపోతున్నారు” అన్నాడు అల్లుడు. “నాకు చెప్పక్కర్లేదు. తనకి చెప్పండి. ఆ రోజునుంచి తను మీతో నాలుగు మాటలు కూడా మాట్లాడట్లేదు. మీరెలాగూ మాట్లాడరు. ఇద్దరి మధ్య నేను, గోడకి కొట్టిన బంతిలా.”

ఆయన చెబుదామనే అనుకున్నారు. సాయంత్రం కూతురు పాపను ఒళ్లో వేసుకుని, కుట్ల చుట్టూ దూదితో తుడుస్తోంది. పాప చెంప ఊదారంగునుంచి పసుపుకు తిరిగింది. ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు. పాప ఆయనను చూసి, తల్లి ఒడిలోంచి జారి, తడబడే అడుగులతో గేటు దగ్గరకు పోయి, కమ్మీలు పట్టుకుని ఊగింది.

“దొలా! దొలా, లా!”

గేటు అవతల దొర తోక నేలమీద ఒకసారి కొట్టింది. కూతురు ఒక్క అంగలో వచ్చి పాపను ఎత్తుకుపోయింది. పాప ఏడ్చింది. కూతురు కళ్లు కూడా తడిశాయి, కానీ అటు తిరిగి ఉంది. ఆయన సవరించుకున్న గొంతు అలాగే ఉండిపోయింది.

పదో రోజు ఉదయం తొమ్మిదిన్నరకు వాళ్లు డాక్టరు దగ్గరున్నారు. దొర గొలుసు ఇన్‌స్పెక్టరుగారి చేతిలోనే ఉంది. కూతురు కాగితాల సంచి పట్టుకుంది. పాప అల్లుడి దగ్గర ఇంట్లో ఉంది. దారిపొడుగునా దొర ప్రతి స్తంభం దగ్గరా తీరిగ్గా ఆగింది. ఆయన తొందరపెట్టలేదు. ప్రతి స్తంభం దగ్గరా ఆగనిచ్చారు.

డాక్టరు దొర మూతికి తొడుగు వేసి, పక్కనే కూర్చుని, చేతులు మెల్లగా వీపుమీదినుంచి నడుముదాకా జరిపింది. దొర బిగుసుకుంది. కళ్లు డాక్టరును చూడలేదు, బల్లకు ఇవతలున్న ఆయన కుడిచేతిని చూస్తున్నాయి. డాక్టరు మరికాస్త నొక్కింది. దొర గొంతు కదిలింది. మింగింది.

“ఇంకోసారి చూస్తాను” అంది డాక్టరు.

ఇంకోసారి చూసింది. చివరికి నిటారుగా నిలబడి, కూతురివంక చూసి, లేదన్నట్లు తల ఊపింది.

“నొప్పి తగ్గింది. అయినా హద్దు దాటినప్పుడు చెప్పట్లేదు. నన్ను క్షమించండి.”

కూతురు సంచిలోంచి కలం తీసింది. “ఎక్కడ సంతకం పెట్టాలి?”

“ఆగమ్మా” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

ఆయన తన ఉద్యోగంలో ఎన్నో నివేదికలు చదివి వినిపించారు. అలాగే నిలబడ్డారు, మడమలు కలిపి. గొంతు మాత్రం ఆ నివేదికలది కాదు.

“మొన్న నేను చెప్పినదాంట్లో ఒక మాట అబద్ధం. ఇది తనంతట తాను మానలేదు. నేను మాన్పించాను. పేపరు మడిచి ముక్కుమీద కొట్టాను. గుర్రుమన్న ప్రతిసారీ.”

కూతురు కలాన్ని అలాగే పట్టుకుని ఉంది.

“ఎన్నాళ్లు?” అంది.

“పందొమ్మిది రోజులు.”

“ఎందుకు?”

“ఇంకొక్కసారి ఆ చప్పుడు వినబడితే పంపించేయమన్నావు కదా తల్లీ.”

ఆ మాట అన్నాక, అనకూడనిదని ఆయనకే తోచింది. “నిన్ను అనటం లేదు. నువ్వు భయపడ్డావు. భయపడాల్సిందే. నోటీసు వచ్చింది నాకు. నేను దాన్ని చింపి పారేశాను. అది తల తిప్పుకోవడం చూశాను, మూతి నాక్కోవడం చూశాను. అన్నీ చూస్తూ పేజీ తిప్పాను. ఇది చెప్పకుండా కరవలేదమ్మా. చెప్పొద్దని నేను కొట్టాను.”

“రోజూ పొద్దున్నే నా బిడ్డని మీ చేతుల్లో పెట్టి వెళ్లాను” అంది కూతురు. అందులో కోపం లేదు. ఉంటే ఆయనకు కొంత ఊరటగా ఉండేది. “పది రోజులనుంచి ఈ కుక్కని చూసి అసహ్యించుకున్నాను నాన్నా. దాని గిన్నె కడగాలంటే ఒళ్లు జలదరించేది. మీరు పక్కనే ఉండి చూస్తూ ఊరుకున్నారు.”

ఆయన తల వంచుకున్నారు. డాక్టరు మెల్లగా ముందుకొచ్చి ఆయన మోచేతిని తాకింది.

“పెద్దాయనా, మీరు కాసేపు బయట నిలబడండి. తలుపు వేసి వెళ్లండి. అది నన్ను చూడట్లేదు. నేను మొదటినుంచి గమనిస్తున్నాను. మీ చేతిని చూస్తోంది.”

గొలుసు ఎవరికివ్వాలో తెలియక ఆయన తడబడ్డారు. కూతురు చేయి చాచి అందుకుంది.

బయట వరండాలో ఒక పొడుగాటి బల్లమీద, పంజరంలో పిల్లిని పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఆయన కూర్చోలేదు. మూసిన తలుపుకు ఎదురుగా నిలబడ్డారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎన్నో బాయిలర్ల ముందు ఇలాగే నిలబడి, వాల్వు ఎప్పుడు కూస్తుందా అని చెవి ఒగ్గారు. కూయకపోతే అందరినీ బయటికి పంపించి మంట ఆర్పించేవారు. ఇక్కడ బయటికి పంపించబడింది ఆయనే. ‘అను’ అనుకున్నారు లోపల. ‘నేను లేనురా. వెళ్లిపోయాను. అనేయ్.’

“ఆపరేషనా అండీ?” అని అడిగింది ముసలావిడ.

ఆయనకు వినబడలేదు. ఎందుకంటే అప్పుడే తలుపు అవతలినుంచి, దూరాన బండి వెళుతున్నట్లు, సన్నగా, బొంగురుగా, ఎనిమిది నెలల తుప్పు పట్టిన చప్పుడొకటి మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది. డాక్టరు గొంతు వినిపించింది: “శభాష్. చాలు, చాలు, తీసేశాను. చూశావా, తీసేశాను.” చప్పుడు ఆగింది.

ఇన్‌స్పెక్టరుగారు గోడకు ఆనుకున్నారు. ముసలావిడ జరిగి, బల్లమీద చోటు చూపించింది. ఆయన కూర్చుని, చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నారు. అంత వయసు మనిషి అలా ఏడవడం చూసి, ఆవిడ పిల్లిని అటువైపు తిప్పిపెట్టింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. దొరను పట్టుకుని కూతురు వచ్చింది. సంచిలో కాగితాలు మడత విప్పకుండా ఉన్నాయి. కలం లేదు, లోపలే మరచిపోయినట్లుంది.

“విన్నాను” అన్నారు ఆయన, లేవబోతూ.

“లేవకండి” అంది. దొర ఆయనను చూడగానే తల పక్కకు తిప్పుకుని మూతి నాక్కుంది. ఈసారి తండ్రీకూతుళ్లిద్దరూ ఆ నాక్కోవడాన్ని చూశారు. ఆమె దొరకూ ఆయనకూ మధ్యకు వచ్చి నిలబడింది.

“దొర ఉంటుంది. గేటు ఉంటుంది. నెల తరువాత మళ్లీ చూస్తానన్నారు. అప్పటికీ చెబుతూ ఉంటేనే. ఏదీ ఖాయంగా చెప్పలేనన్నారు.” సంచి భుజానికి తగిలించుకుంది. “మందు, తిండి నేను చూసుకుంటాను. మీరు ఆ గదిలోకి రావద్దు, మళ్లీ చెప్పేదాకా. పాప దగ్గరికి రేపటినుంచి మా అత్తగారు వస్తారు. ఫోన్ చేశాను.”

“సరే తల్లీ.”

“మిమ్మల్ని శిక్షించాలని కాదు నాన్నా.”

“తెలుసమ్మా. సీలు వేయాల్సిందే.”

ఆమెకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా ఆమెకు అప్పుడు లేదు. గొలుసు రెండు చుట్లు చేతికి చుట్టుకుని మెట్లు దిగింది. దిగి, వెనక్కి తిరగకుండానే అంది:

“మీరు కాస్త వెనకగా రండి. దానికి కనబడకుండా.”

ఆయన ఇరవై అడుగులు లెక్కపెట్టి బయలుదేరారు. ముందు కూతురు, ఆమె పక్కన నడుము ఈడ్చుకుంటూ దొర నడుస్తున్నారు. మొదటి స్తంభం దగ్గర దొర ఆగింది. వాసన చూసింది, కాలెత్తింది, తరువాత ఎందుకో తల తిప్పి, వచ్చిన దారివంక వెతుకుతున్నట్లు చూసింది. ఇన్‌స్పెక్టరుగారు చటుక్కున, రోడ్డుపక్క ఆగి ఉన్న పాల వ్యాను వెనక్కి తప్పుకున్నారు. వ్యాను డ్రైవరు అద్దంలోంచి తొంగిచూసి, ఇస్త్రీ నలిగిన పెద్దమనిషి ఒకాయన, చంకలో ఏమీ లేకపోయినా ఎడమచేతిని ఒంటికి బిగించుకుని, ఊపిరి బిగబట్టి దాక్కుని ఉండటం గమనించి, ఎవరికి భయపడుతున్నాడోనని రోడ్డంతా కలయజూశాడు. రోడ్డుమీద ఒక అమ్మాయి, ఒక ముసలి కుక్క తప్ప ఎవరూ లేరు.